యల్లేశ్ తీసేసిన గొట్టం

రాయచూరు ధాన్యం గంజ్ వెనక, రెండు బియ్యం మిల్లుల గోడల నడుమ, కారు ఒకటి ఇరుక్కుంటూ పోయేంత సందు ఉంది. ఆ సందు చివర రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాడు యల్లేశ్. షెడ్డుకు బోర్డు లేదు. ఎండాకాలం మధ్యాహ్నం రేకులు కాగిపోయి లోపల నిలబడలేం. ఆ మనిషి మాత్రం తడి తువ్వాలు నెత్తిన వేసుకుని ఇంజను మీదికి వంగే ఉంటాడు. నా పాత కారు బాగుచేయించుకోవడానికి నాలుగైదుసార్లు వెళ్లి, మాటల్లో మాటగా ఈ సంగతి విన్నాను. కొంత అతనే చెప్పాడు. మిగతాది శక్తినగర్ వీరభద్రయ్యగారు చెప్పారు. ఇద్దరిలో ఎవరూ తమ వంతు దాచుకోలేదు.

యల్లేశ్ సొంతూరు మట్మారి. అమ్మానాన్నలు పత్తి చేలలో కూలికి పోయేవాళ్లు. పదో తరగతి తప్పాక రైలెక్కి రాయచూరు వచ్చి, ఖాజా మియా అనే పెద్ద మెకానిక్ దగ్గర పనికి కుదిరాడు. ఖాజా మియాకు అక్షరం ముక్క రాదు. ఇంజను నడుస్తుండగా నూనె పోసే మూత తీసి, ఆ కంత మీద అరచెయ్యి పెట్టి, లోపలి నుంచి తన్నే గాలిని బట్టి ఏది ఎంత అరిగిందో చెప్పేవాడు. "ఇంజన్ కా దమ్ ఘుట్‌నా నై" అనేవాడట. ఇంజనుకు ఊపిరి ఆడకుండా చేయొద్దని.

ఆ మాటకు అర్థం ఉంది. పెట్రోలు మండినప్పుడు పుట్టే గాలిలో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి, అడుగున నూనె ఉండే చాంబర్‌లోకి దిగుతుంది. ఎంత కొత్త ఇంజనైనా ఇది తప్పదు. ఆ గాలికి దారి ఇవ్వకపోతే లోపల ఒత్తిడి పెరిగి, సీళ్లను తన్నుకుని నూనె బయటపడుతుంది. అందుకని తయారుచేసినవాళ్లే పై మూత నుంచి ఒక గొట్టం పెట్టి, ఆ గాలిని మళ్లీ ఇంజను పీల్చుకునే దారిలోకి మళ్లిస్తారు. ఇంజను తన మురికిని తానే కాల్చుకుంటుంది. కారు బానెట్ ఎత్తితే అది వేలంత లావు నల్ల రబ్బరు గొట్టం. చాలామంది దాన్ని గమనించరు కూడా.

నాలుగేళ్ల కిందట, శివరాత్రి దాటిన వారం, కార్తిక్ అనే యువకుడు షెడ్డుకు వచ్చాడు. ఇరవై నాలుగేళ్లు. శక్తినగర్ కరెంటు కేంద్రంలో బాయిలర్ దగ్గర పనిచేసే వీరభద్రయ్యగారి ఒక్కగానొక్క కొడుకు. రైల్వేలో ఇంజను నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష పాసై, వైద్య పరీక్ష పిలుపు కోసం చూస్తున్నాడు. అతని దగ్గర ఒక చిన్న పాత ఎర్ర కారు ఉంది. దానికి హైదరాబాదులో టర్బో పెట్టించాడు. రోజూ రోడ్డు మీద తిరిగే కారే గానీ, తొక్కితే దాని పరుగు వేరు.

టర్బో ఇంజనులోకి గాలిని బలవంతాన కుక్కుతుంది. దాంతో రింగుల పక్కనుంచి జారే గాలి కూడా ఎక్కువవుతుంది. ఆ గాలి వెంట నూనె తుంపర వెళ్లి గొట్టాలన్నీ జిడ్డు చేస్తోంది. దాంతో పవర్ తగ్గుతోందని కార్తిక్ బాధ.

"యల్లేశన్నా, ఈ గొట్టం పీకేద్దాం. మూత మీద చిన్న ఫిల్టర్ పెడితే చాలు. గాలి దాంట్లకెళ్లి బయటికి పోతది, నూనె లోపలికి రాదు. హైదరాబాద్‌ల అందరు గట్లనే పెట్టుకుంటున్నరు."

యల్లేశ్ వంగి చూశాడు. ఫిల్టర్ పెట్టాలంటున్న చోటికి సరిగ్గా జానెడు కింద టర్బో ఉంది.

"గాలి ఒక్కటే రాదు తమ్మీ, నూనె గూడ వస్తది. ఫిల్టర్ నానినంక బొట్లు పడతయి. కింద టర్బో ఎర్రగ కాల్తది, చూసినవా?"

"వారానికొకసారి కడుక్కుంట. రెండు నెలలే గద అన్నా. ఉద్యోగం వచ్చినంక దీన్ని ఎవరు నడుపుతరు?"

"గొట్టం నడుమ ఒక డబ్బా పెడితే నూనె దాంట్ల పడతది, గాలి మల్ల లోపలికే పోతది. చేసిస్త. జర టైం ఇయ్యి."

"ఎల్లుండి దోస్తులతోని శ్రీశైలం పోతున్నం. ఇప్పుడే పెట్టియ్యి అన్నా."

ఆ రోజు సందు మొదట్లో, కరెంటు కేంద్రం బూడిద మోసే ట్యాంకర్లు రెండు రిపేరుకు వచ్చి ఆగి ఉన్నాయి. వాటి డ్రైవర్లు హారన్ కొడుతున్నారు. యల్లేశ్ "సరే" అన్నాడు. గొట్టం పీకాడు, ఆ దారికి బిరడా కొట్టాడు, మూత మీద ఫిల్టర్ బిగించాడు. పది నిమిషాల పని.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఆ ట్యాంకర్ డ్రైవర్లలో ఒకడైన దుర్గప్ప ఫోన్ చేశాడు. శక్తినగర్ రోడ్డు మీద ఎర్ర కారు ఒకటి తగలబడుతోందని, దాని పిల్లవాడిని మంట దగ్గర్నుంచి పక్కకు లాగామని, అతను నీ పేరే చెబుతున్నాడని.

జరిగింది ఇది. కార్తిక్ ఆ రోజు కారును గట్టిగా తోలాడు. ముందు నూనె కాలిన వాసన వచ్చింది, తర్వాత పొగ. పక్కకు ఆపి బానెట్ ఎత్తాడు. గాలి తగలగానే మంట పైకి లేచింది. ఫిల్టర్ మండుతుంటే దాన్ని లాగి పారేస్తే ఆరిపోతుందనుకున్నాడో ఏమో, ఎడమ చెయ్యి లోపల పెట్టాడు. వెనక వస్తున్న దుర్గప్ప ట్యాంకర్ ఆపి, దాంట్లో ఉన్న మంటలార్పే సిలిండరుతో మంట ఆర్పాడు. అప్పటికే చెయ్యి మణికట్టు దాకా కాలింది.

యల్లేశ్ ఆస్పత్రికి వెళ్లేసరికి వరండాలో వీరభద్రయ్య డ్యూటీ బట్టల్లోనే నిలబడి ఉన్నాడు. ఆయన భార్య సవిత బెంచీ మీద కూర్చుని ఉంది. లోపల కార్తిక్ అప్పటికే చెప్పాడు, తప్పు తనదేనని, మెకానిక్ వద్దంటే వినలేదని. పోలీసులు కూడా అదే రాసుకుని వెళ్లారు. యల్లేశ్ మీద ఎవరూ ఏమీ అనలేదు.

వీరభద్రయ్య అడిగాడు. "గొట్టం తీసింది నువ్వేనా?"

"నేనే సార్."

"గిట్ల అంటుకుంటదని తెల్సా నీకు?"

తాను హెచ్చరించానని చెప్పుకోవచ్చు. అది అబద్ధం కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందట. కానీ ఆ తండ్రి అడిగింది అది కాదు.

"తెల్సు సార్."

వీరభద్రయ్య గొంతు పెంచలేదు. "ముప్పై రెండేండ్ల సంది బాయిలర్ ముందల నిలబడుతున్న. సేఫ్టీ వాల్వ్ కట్టేయమని ఎంత పెద్ద ఆఫీసర్ చెప్పినా మేం ముట్టుకోం. ఉద్యోగం పోయినా ముట్టుకోం. పిలగాడు అడిగిండని నువ్వెట్ల చేసినవు?"

 సవిత తలెత్తి ఒకసారి యల్లేశ్ ముఖం చూసి, గోడ వైపు తిరిగింది.

తొడ మీది చర్మం తీసి చేతికి అతికారు. గాయం మానింది గానీ చిటికెన వేలు, ఉంగరం వేలు ముడుచుకుపోయాయి. ఎండాకాలం చివర రైల్వే వైద్య పరీక్షకు పిలుపు వచ్చింది. డాక్టరు కార్తిక్ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, పనికిరాదని రాశాడు.

ఆ కబురు విన్న నాటి నుంచి యల్లేశ్ షెడ్డు తెరవలేదు. మూడు వారాలు ఇంట్లోనే ఉన్నాడు. తిండి పెడితే తినేవాడు, లేకపోతే లేదు. అతని భార్య మంజమ్మ మిల్లులో బియ్యం చెరిగే పనికి పోతుంది. ఓదార్పు మాటలు చెప్పే మనిషి కాదు. ఒకరోజు పొద్దున పనికి పోతూ గడపలో ఆగింది.

"నువ్వు చేసింది తప్పే. నేను కాదంట లేను. మరి నువ్వు ఇంట్ల కూసుంటే ఆ పిలగాని చెయ్యి వస్తదా?"

ఆ రోజే అతను బస్సెక్కి శక్తినగర్ వెళ్లాడు. క్వార్టర్స్‌లో వీరభద్రయ్య ఇల్లు వెతుక్కుంటూ పోయి, గుమ్మం బయటే నిలబడ్డాడు. సవిత తలుపు తీసి, చూసి, లోపలికి వెళ్లిపోయింది. వీరభద్రయ్య బయటికి వచ్చాడు.

"కాలిన బండి నాకిస్తరా సార్?"

"ఏం చేస్తవు దాన్ని?"

"ఎట్ల పెడితే మంచిగుంటదో చూస్త. అప్పుడే చూడాల్సింది. ఇప్పుడన్న చూస్త."

వీరభద్రయ్య వెనక తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత కారు పడి ఉన్న చోటు చెప్పాడు.

ఇంజను దిమ్మ చెడలేదు. షెడ్డు వెనక అదే రకం కారు తుక్కులా పడి ఉంటే, యల్లేశ్ దాన్ని బాగుచేసి ఈ ఇంజను, టర్బో అందులోకి ఎక్కించాడు. పగలు గిరాకీల పని, సాయంత్రం గంటన్నర ఈ పని. ఉస్తాద్ ఖాజా మియా నేర్పినట్టే నూనె మూత తీసి అరచెయ్యి పెట్టి చూసేవాడు.

ఒక ఆదివారం వీరభద్రయ్య చెప్పాపెట్టకుండా వచ్చి షెడ్డు ముందు నిలబడ్డాడు. ఎందుకు వచ్చాడో ఆయనకే సరిగా తెలియదట. ఇంట్లో కూర్చోలేక వచ్చానని నాతో అన్నాడు. యల్లేశ్ చెయ్యి పెట్టి చూడటం కాసేపు గమనించాడు.

"చెయ్యి పెడితే నీ ఒక్కనికే తెలుస్తది. రేపు మర్చిపోతవు గూడ. కొలత ఉండాలె."

బాయిలర్ పొయ్యిలో గాలి లాగుడు ఎంత ఉందో చూడటానికి నీళ్ల గొట్టం వాడతారు. ఆయన ఆ పద్ధతి చూపించాడు. సన్నటి పారదర్శకపు గొట్టాన్ని చెక్క మీద వంచి బిగించి, సగందాకా నీలిమందు కలిపిన నీళ్లు పోశాడు. ఒక కొస ఇంజనులో నూనె చూసే కడ్డీ కంతకు తగిలించాడు, రెండోది గాలికి వదిలాడు. లోపల ఒత్తిడి ఉంటే నీళ్లు బయటి వైపు ఎగబాకుతాయి. లోపలి గాలిని ఇంజను లాగుతుంటే ఇంజను వైపు ఎక్కుతాయి. చెక్క మీద గీతలు గీశాడు. యల్లేశ్ మొదటిసారి తన అరచేతికి తెలిసినదాన్ని కళ్లతో చూశాడు.

చెక్కను కారులో పెట్టుకుని రోడ్డు మీద తోలితేనే అసలు సంగతి తెలుస్తుంది. తోలేవాడు నీళ్లు చూడలేడు. పక్కన ఒక మనిషి కావాలి. మూడో ఆదివారం తండ్రి వెంట కార్తిక్ వచ్చాడు. యల్లేశ్‌ను పలకరించలేదు. ఎడమ చేత్తో గేరు మార్చలేడు గనుక తోలే సీటు వైపు పోలేదు. పక్క సీటులో కూర్చుని చెక్క ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రోజు మాన్వి రోడ్డు మీద పోతున్నంతసేపూ వాళ్లిద్దరి మధ్య అంకెలు తప్ప మాట లేదు. "పైకి ఒకటి. ఒకటిన్నర. రెండు." అంతే.

ఎనిమిది నెలలు అలా గడిచింది. కంపెనీ పెట్టిన గొట్టం మళ్లీ పెట్టి చూశారు. మామూలుగా తోలితే బాగానే ఉంది, టర్బో ఊదుతున్నప్పుడు నూనె పీల్చేసింది. కార్తిక్ ఎక్కడో చదివి, ఆ గాలిని సైలెన్సర్ గొట్టంలోకి కలిపితే పొగ వేగానికి అదే లాక్కుపోతుందన్నాడు. అతనికి దాని మీద చాలా ఆశ ఉండేది. కానీ రేసు బండికి సైలెన్సర్ ఉండదు, ఇది ఊళ్లో తిరిగే బండి. సైలెన్సర్ అడ్డుపడి గాలి వెనక్కే తన్నింది, నడుమ పెట్టిన వాల్వు నెలకే మసి పట్టి బిగుసుకుపోయింది.

చివరికి యల్లేశ్ మొదట్లో చెప్పిన డబ్బా దగ్గరికే వచ్చారు. అదీ ఒక్కసారిగా కుదరలేదు. ఖాళీ డబ్బా పెడితే నూనె తుంపర దూదిలా తేలి అవతలికి వెళ్లిపోయింది. మంజమ్మ గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కితే నూనె ఆగింది గానీ, ఒక పోగు తెగి టర్బో మూతి దగ్గర దొరికింది. అది లోపలికి పోయి ఉంటే రెక్కలు విరిగేవి. యల్లేశ్ ఆ పోగును అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. పీచు తీసి పారేశారు. తర్వాత పక్క మిల్లులో నూకలు జల్లించే కంతల రేకు, అరిగి పక్కన పడేసింది, కనిపించింది. దాన్ని ముక్కలు కోసి డబ్బాలో అడ్డంగా, ఒకదాని కంత ఇంకోదానికి ఎదురుపడకుండా నిలబెట్టాడు. తుంపర రేకులకు కొట్టుకుని బొట్లు కట్టి అడుగుకు దిగింది. గాలి శుభ్రంగా అవతలికి పోయింది. టర్బో ఊదేటప్పుడు గాలి వెనక్కి రాకుండా ఒకవైపే తెరుచుకునే వాల్వు పెట్టాడు. చలికాలం పొద్దున డబ్బాలో నీరు, నూనె కలిసి చిక్కటి కాఫీలా తయారయింది. నెలకోసారి దాన్ని వంచెయ్యాలని తెలిసింది.

ఆ డబ్బాతో గట్టిగా తోలినప్పుడు బయటి వైపు నీళ్లు సున్నాకు రెండు గీతలు కిందే నిలిచాయి. అంటే ఇంజను లోపలి గాలిని లాగేస్తోంది. తర్వాత పోల్చి చూడటానికి, మూత మీద చిన్న ఫిల్టర్ కూడా ఒకసారి పెట్టారు. కింద తడి గుడ్డ కప్పి, మంటలార్పే సిలిండర్ దగ్గర పెట్టుకుని, నాలుగు కిలోమీటర్లే తోలారు. నీళ్లు సున్నాకు రెండు గీతలు పైకి ఎక్కాయి. అంటే లోపలి ఒత్తిడి పూర్తిగా బయటికి పోక పిస్టన్లకు అడ్డుపడుతోంది.

కార్తిక్ చెక్క వైపే చూస్తూ కూర్చున్నాడు. యల్లేశ్ కారు పక్కకు ఆపాడు.

"అన్నా," అన్నాడు కార్తిక్. ప్రమాదం తర్వాత ఆ పిలుపు అదే మొదటిసారి. "నేను పవర్ కోసం అడిగిన. దాంట్ల అది గూడ లేదు."

యల్లేశ్ స్టీరింగు మీద తల ఆనించాడు. 

ఆ మీదట టర్బో పెట్టించిన కార్లు షెడ్డుకు రావడం మొదలైంది. షెడ్డులోనే పనికి చేరిన కార్తిక్ కొలతలు తీసి ఒక్కో ఇంజనుకు తగ్గట్టు డబ్బా గీసేవాడు, యల్లేశ్ రేకు కోసి అతికేవాడు. కిందటి దసరా ముందు సింధనూరు దగ్గర, వలస రైతులు స్థిరపడ్డ క్యాంపు నుంచి తేజ అనే అబ్బాయి వచ్చాడు. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకుంటున్న కుటుంబం. అతని కారుకూ టర్బో ఉంది. అతనూ చిన్న ఫిల్టరే అడిగాడు.

"అది నేను పెట్టను తమ్మీ."

"డబ్బాకి చోటెక్కడుందండీ ఇందులో? చూట్టానికి కూడా బాగోదు. మీరు పెట్టకపోతే ఇంకొకళ్లు పెడతారు."

కార్తిక్ ఏదో చెప్పబోయాడు. తేజ వినలేదు, కారు వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. మూడు రోజుల తర్వాత కార్తిక్ ఫోనులో ఒక ఫొటో చూపించాడు. తేజ పెట్టుకున్నదే. బానెట్ ఎత్తిన కారు, మూత మీద తళతళలాడే చిన్న ఫిల్టర్.

తాను చెయ్యలేదు గనుక తనకు సంబంధం లేదనుకోవచ్చు. యల్లేశ్ రోజంతా అలా అనుకోవడానికే ప్రయత్నించానని చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఒక డబ్బా, గొట్టాలు, వాల్వు, పానాలు గోనె సంచిలో వేసుకుని సింధనూరు బస్సు ఎక్కబోయాడు. కార్తిక్ తానూ వస్తానన్నాడు.

"వద్దు. నీ చెయ్యి చూపిచ్చి భయపెట్టుడు నాకిష్టం లేదు. నోటితోని చెప్త."

క్యాంపులో అప్పుడు వరి పొట్ట మీద ఉంది. తేజ తాత ముసలయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవరు బాబూ నువ్వు? ఎవరి కోసం?"

"రాయచూరు మెకానిక్‌ను పెద్దాయనా. తేజ కారు చూడాలె."

తేజ బయటికి వచ్చి ముఖం చిట్లించాడు. "నేను పిలవలేదే మిమ్మల్ని."

"పిలవలేదు. నేనే వచ్చిన." యల్లేశ్ సంచి కింద పెట్టి, తాత ముందే మొత్తం చెప్పాడు. అబ్బాయి అడిగితే పది నిమిషాల్లో గొట్టం పీకింది, పంతొమ్మిదో రోజు జరిగింది, రైల్వే డాక్టరు రాసింది. ఎక్కడా తనను తప్పించుకోలేదు. "తెల్సి చేసిన పెద్దాయనా. ఒక పిలగాని బతుకు తిరిగిపోయింది. ఈ పిలగాడు నా మాట వినకున్నా సరే, ఒక్కసారి బానెట్ ఎత్తమనండి."

తేజ బానెట్ ఎత్తాడు. యల్లేశ్ తెల్లటి గుడ్డ ముక్క తీసి తేజ చేతికే ఇచ్చి, ఫిల్టర్ కింద టర్బో రేకును తుడవమన్నాడు. గుడ్డ నల్లగా, జిడ్డుగా వచ్చింది. నాలుగు రోజులే అయింది ఫిల్టర్ పెట్టి. రేకు మీద ఒకచోట నూనె అప్పటికే మాడి పొక్కు కట్టింది.

తేజ ఆ గుడ్డను అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"విప్పరా," అన్నాడు ముసలయ్య. "ఆయన అంత దూరం నుంచి ఊరికే రాలేదు."

బ్యాటరీని కాస్త పక్కకు జరిపి డబ్బాకు చోటు చేశారు. రెండున్నర గంటలు పట్టింది. తేజ పానాలు అందిస్తూ, చివర్లో మెల్లగా అడిగాడు.

"ఆ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడండీ?"

"నాతోనే ఉన్నడు. ఈ డబ్బా గీసింది అతనే."

మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం చేసి, సాయంత్రానికి యల్లేశ్ రాయచూరు చేరాడు.

వీరభద్రయ్య ఇప్పుడు రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి రాయచూరులోనే ఉంటున్నాడు. వారానికి రెండు మూడు రోజులు షెడ్డుకు వస్తాడు. రైల్వే ఉద్యోగం గురించి కార్తిక్ ఎవరి దగ్గరా ఎత్తడు. స్టేషను వైపు పని పడితే మాత్రం ఇంకెవరినైనా పంపుతాడు. సవిత యల్లేశ్‌తో ఈ రోజు వరకూ మాట్లాడలేదు. క్యాంపు సంగతి భర్త చెబితే చేస్తున్న పని ఆపి మొత్తం విని, "ఆ పిలగాడు మంచిగున్నడు గద" అని మాత్రం అడిగిందట. ఉన్నాడంటే తల ఊపి లోపలికి వెళ్లిందట.

ఆమె ఎప్పటికైనా మాట్లాడుతుందంటావా అని నేను యల్లేశ్‌ను అడిగాను. అతను చేతులు తుడుచుకున్నాడు.

"మాట్లాడాలె అని నాకు లేదు సార్. కొడుకు చెయ్యి ఆమెకు రోజు కనిపిస్తది గద."

తర్వాత నా కారు కిందికి దూరి, సైలెన్సర్ బిగింపు వదులైందని, దాని కొస పట్టుకోమని చెప్పాడు.